గుడ్డ కట్టిన కొమ్మ

దబ్బాకు నలిపితే ఆ వాసన సబ్బుతో కడిగినా పోదు, ఫోన్ మీద వేలు జరిపినప్పుడల్లా ముక్కుకి తగులుతూనే ఉంటుంది, ఇది టైప్ చేస్తుంటే ఇప్పుడూ తగులుతోంది. రాజమండ్రిలో సత్యవతి గారిల్లు నాకు దొరికిన మొదటి తోట. పిట్టలూ సీతాకోకచిలుకలూ వచ్చేలా మీ తోట చూసిపెడతానని నేను పెట్టిన పోస్టు చూసి ఆవిడే పిలిచారు. నెల తిరక్కుండానే దబ్బచెట్టు కింద నిలబడి, "ఏంటమ్మా ఇది, ఆకులన్నీ జల్లెడైపోయాయి! ఆదివారానికి చెట్టు ఇలాగే ఉంటే మందు కొట్టే అతన్ని పిలిపిస్తాను, నువ్వింక రానక్కర్లేదు" అనేశారు. నా నోరు అసలే మంచిది కాదు. "సీతాకోకచిలుకలు కావాలి, పురుగులు మాత్రం వద్దాండీ? అవి రెక్కలతోనే పుడతాయనుకున్నారా?" అనేశా.

అపార్టుమెంట్లో పెరిగినదాన్ని, నాకు మట్టి అంటే ధవళేశ్వరంలో అమ్మమ్మ పెరడే. వేసవి సెలవులకి వెళ్ళి గేటు తియ్యగానే నీళ్ళు చల్లిన నేల వాసన, కాలవ మీంచి వచ్చే గాలి, అరటిచెట్ల మధ్య ఉడతల గోల, చాపల మీద ఎండుతున్న మాగాయ ముక్కలు, వాటి పక్కన విసనకర్రతో కాకుల్ని అదిలిస్తూ అమ్మమ్మ, మధ్యాహ్నమయ్యేసరికి కుండలో చల్లటి మజ్జిగ, అందులో ఉప్పు, అల్లం, నలిపి వేసిన దబ్బాకు. ఆకు కోసుకురమ్మని నన్నే పంపేది, పంపేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట: "గుడ్డ కట్టింది కాదే, ఇవతల కొమ్మది కొయ్యి."

గుడ్డ కట్టిన కొమ్మ పురుగుల వాటా. మిరపపండు రంగు పాత నేతచీర చింపి ఆ కొమ్మకి ముడేసేది అమ్మమ్మ. వేరే కొమ్మ మీద పురుగు కనపడితే ఆకుతో సహా తుంచి తెచ్చి అక్కడ పెట్టేది. అవి చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండేవి, పెరిగాక ఆకుపచ్చగా అయిపోయేవి, పుల్లతో పొడిస్తే తల దగ్గర ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదిలేవి. ఆ కొమ్ముల కోసమే పొడిచేదాన్ని. "నువ్వు అన్నం తింటుంటే నిన్నెవరన్నా పొడిస్తే బావుంటుందా?" అని వీపు మీద ఒక్కటిచ్చేది. ఆ ఒక్క కొమ్మా బోడిగా అయిపోయేది, మిగతా చెట్టు కాయల బరువుకి వంగిపోయేది.

ఒకసారి మావయ్య చేలో వాడే స్ప్రే డబ్బా వీపుకి తగిలించుకుని నేరుగా పెరట్లోకొచ్చాడు. అమ్మమ్మ పప్పుగరిటె చేతిలో ఉండగానే వచ్చి చెట్టుకి అడ్డంగా నిలబడింది.

"ముందు నా మీద కొట్టరా, తర్వాత దాని మీద కొడుదువుగాని."

"చెట్టు పోతుందే అమ్మా!"

"కొమ్మ పోతే పోనీ. చెట్టు సంగతి నేను చూసుకుంటా."

మావయ్య డబ్బా దింపాడు. దింపి నావైపు చూసి, "దీనికి ఈ కోపం ఎవరి పోలికో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

అందుకే సత్యవతి గారితో ఆ మాటైన మర్నాడు పొద్దున్నే, అమ్మమ్మ చీరలోంచి చింపిన ముక్క పట్టుకుని ఆవిడింటికి వెళ్ళా. గోడవైపు కొమ్మకి ముడేసి, చెట్టంతా వెతికి, పురుగుల్ని ఒక్కోదాన్నీ ఆకుతో సహా దాని మీదకి మార్చా.

"ఆ ఎర్రగుడ్డేంటమ్మా? చెట్టుకి దిష్టి తీశామనుకుంటారు వీధిలోవాళ్ళు" అన్నారావిడ వరండాలోంచి.

"అనుకోనివ్వండి. ఈ కొమ్మ వాటిది, మిగతా చెట్టు మీది. ఆదివారం వేరే కొమ్మ మీద ఒక్క పురుగు కనపడినా నేనే రావడం మానేస్తా."

అని వచ్చేశా గానీ, ఆదివారం గేటు దగ్గర్నుంచే మెడ సాచి చూశా. గుడ్డ ఉంది. ఆవిడ కుర్చీ వరండాలోంచి చెట్టు కిందకి వచ్చింది, చేతిలో తుంచిన ఆకు ఉంది.

"ఇదిగో, ఇది ఇవతల కొమ్మెక్కింది. నువ్వు చూశావంటే మానేస్తావు కదా" అని నవ్వి, ఆ ఆకుని పురుగుతో సహా తీసుకెళ్ళి గుడ్డ కొమ్మ మీద పెట్టారు. ఈలోపు వాళ్ళ కోడలు మజ్జిగలోకి ఆకు కొయ్యడానికి చెయ్యి చాపితే, "అది వాటిదే అమ్మాయ్, ఇటుది కొయ్యి" అన్నారు.

ధవళేశ్వరంలో ఆ పెరడు లేదు. గేటు దగ్గర్నుంచి గోడదాకా సిమెంటే, దబ్బచెట్టు ఉన్నచోట మావయ్య కారు ఉంటుంది. అమ్మమ్మా లేదు. చీర మాత్రం నా దగ్గరుంది, నేను చింపింది జానెడే. రేపు పొద్దున్న సత్యవతి గారి వెనకవీధిలో ఇంకో ఇల్లు చూడ్డానికి వెళ్తున్నా. వాళ్ళదీ దబ్బచెట్టేనట.