గడ్డి లేని దిమ్మె

రఘునాథపల్లి దాటాక హైవే మీద బస్సు దిగి లోపలికి నడిస్తే మా ఊరి పార్కు వస్తుంది. గేటు దగ్గర బోర్డు మీద ప్రారంభించినవాళ్ల పేర్లున్నాయి, తవ్వినవాళ్లవి లేవు. రాయాలంటే గోడ చాలదులెండి.

అది కరువు పని. కాగితాల్లో ఉపాధి హామీ అంటారు గానీ, వానలు బాగా పడ్డ ఏడు కూడా మా నోట అది కరువు పనే. జోడీలుగా చేస్తాం. ఒకరు తవ్వితే ఒకరు తట్ట మోయాలి. నిండు తట్ట నెత్తికెత్తుకోవాలంటే రెండో మనిషి చెయ్యి వేయాల్సిందే. నా జోడీ నా భర్త.

పార్కు మధ్యలో కుంట తవ్వేటప్పుడు ఎవరి వంతులో వాళ్లం ఒక మట్టి దిమ్మె వదిలేశాం. పాత నేల ఎంత ఎత్తుండేదో అది చెబుతుంది. కొలిచే సారు దిమ్మె తల నుంచి అడుగు దాకా టేపు పెట్టి, అంత లోతు తవ్వినట్టు రాసుకుంటాడు. తల మీద పాత గడ్డి అలాగే ఉండాలి. లేకపోతే పైన మట్టి పోశారని అనుమానం.

ఆ ఎండాకాలం ఆయనకు ఆయాసం. రెండు దెబ్బలు వేసి గడ్డపార మీద వాలిపోయేవాడు. మా వంతు అందరికంటే వెనకబడింది. పక్క జోడీలవాళ్లు నవ్వుతుంటే నాకు ఒళ్లు మండింది. ఒక మధ్యాహ్నం అందరూ సద్దులు తింటుండగా దిమ్మె మీది గడ్డిని వేళ్లతో సహా లేపి, కింద జానెడు మట్టి మెత్తి, మళ్లీ గడ్డి పరిచాను.

మర్నాడు సారు రాకముందే ఆయన చూశాడు. గడ్డి వాడిపోయి ఉంది. పుట్టిననాటి నుంచి మట్టిలో ఉన్న మనిషికి తెలియదా!

"గోరంత కొండంత చేసుడు నీకు నోటితోనే వస్తదనుకున్ననే. చేతులతోని గూడ వస్తదా?" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను పెట్టిన జానెడూ చెక్కేసి, కోపంలో ఇంకో బెత్తెడు కూడా చెక్కాడు. సారు వచ్చాక, "గడ్డి నేనే తీసిన సారూ. నాతోని ఇంతే అయ్యింది" అన్నాడు. అందరూ విన్నారు. ఆయన పరువు కాపాడబోయి, ఆయన నోటే ఆ మాట అనిపించాను.

తప్పైందని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు కోపం ఎక్కువ, వంగడం తక్కువ. రేపంటాలే అనుకుంటూనే ఉన్నాను. వానలు పడకముందే ఆయన పోయాడు.

మిగతా దిమ్మెలన్నీ తీసేశారు. మాది ఒక్కటే ఎందుకో మిగిలిపోయింది. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని దాన్నే చూసేదాన్ని.

మొన్న వేసవిలో కుంట ఎండాక మళ్లీ పని పెట్టారు. మా గుంపును నడిపే ఆమె నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆ దిమ్మె తీసెయ్యాల్నట. పిల్లలు ఎక్కి పడ్తాండ్రు."

"జర ఉండనియ్యరాదు చెల్లె."

"నా చేతుల లేదక్కా. నీతోని కాకుంటే ఇంకోలకు చెప్త."

"ఇంకోలెందుకు, నేనే తీస్త" అన్నాను.

ఆయన పోయినప్పటి నుంచి నేను సగం తట్టలే మోస్తున్నాను. సగమైతే ఎవరినీ పిలవకుండా ఎత్తుకోవచ్చు. ఆయన చెక్కిన ఆ దిమ్మె మట్టిని మాత్రం సగం సగంగా మోయబుద్ధి కాలేదు. దిమ్మెను తవ్వి తట్ట నిండుగా నింపాను. నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని వంగి, ఒక అంచు పట్టుకుని, "తప్పైంది. జర చెయ్యెయ్యి" అన్నాను.

అవతలి అంచు లేవలేదు. అందరూ దూరంగా ఎవరి జోడీతో వాళ్లున్నారు.