మా అత్త వెతికిన విమానం దారి

ఆ ప్రోగ్రాం సంగతి నాకు చెప్పింది పన్ను నొప్పితో వచ్చిన ఒక పెద్దాయన.

నేను సీతమ్మధారలో ఒక పళ్ళ డాక్టరుగారి దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఆ రోజు లోపల ఎవరికో రూట్ కెనాల్ జరుగుతోంది. బయట ఈయన ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేత్తో ఏదో నొక్కుతూ తనలో తను నవ్వుకుంటున్నాడు. పన్ను నొప్పితో వచ్చి నవ్వేవాళ్ళు మాకు అరుదు. ఉండబట్టలేక లేచి వెళ్ళి ఏం చూస్తున్నారని అడిగాను.

ఓడల మీద ఉద్యోగం చేసి రిటైరైన మనిషట. తెర మీద ప్రపంచ పటం ఉంది. దాని నిండా చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో విమానాశ్రయం. చుక్క మీద నొక్కితే, అక్కణ్ణుంచి విమానాలు వెళ్ళే ఊళ్ళన్నిటికీ గీతలు పడతాయి.

"ఇందులో టిక్కెట్లు కొనుక్కోవచ్చాండీ?" అన్నాను.

"టిక్కెట్లూ నేవు, టైములూ నేవు తల్లీ. ఉత్తినే సూసుకోడానికి. ఎవడో నాలాంటి పిచ్చోడు సరదాకి తయారుచేసి ఊరికే ఇత్తన్నాడు," అన్నాడాయన. లోపల్నుంచి పిలుపొచ్చినా లేవకుండా, అపాయింట్‌మెంటు చీటీ వెనక ఆ ప్రోగ్రాం పేరు రాసిచ్చాకే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

మా ఇల్లు గాజువాకలో. మా ఆయనకి ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది. బిల్లులు కొట్టడానికి కొన్న లాప్‌టాప్‌లోకి ఇనుప రజను దూరుతోందని దాన్ని ఇంటికి తెచ్చి పెట్టాడు. అందులో ఆ ప్రోగ్రాం దించుకున్నాను. ఇక నా సాయంత్రాలు దానికే అంకితం. దుబాయ్ మీద నొక్కితే గొడుగు ఊచల్లా అన్ని దిక్కులకీ గీతలు. మా విశాఖ మీద నొక్కితే అరిగిపోయిన చీపురులో మిగిలిన పుల్లల్లా ఓ గుప్పెడు. అయినా ఆ గుప్పెడు పుల్లలు పట్టుకునే ఎక్కడెక్కడికో పోవచ్చు. ఇక్కడ ఎక్కి అక్కడ మారితే, అక్కణ్ణుంచి ఇంకోచోట మారితే, మంచు తప్ప ఇంకేమీ లేని ఊరికి కూడా చేరుకోవచ్చు. అలా ఊరికే చేరుకుంటూ ఉండేదాన్ని.

ఇంతా చేసి, అప్పటికి నేను విమానం ఎక్కి ఎరగను. మా నాన్న గోదావరి వైపు నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చిన మనిషి. మా ప్రయాణాలన్నీ రైల్లోనే. నాకు తెలిసిన విమానమల్లా, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సులో వెళ్తుంటే నెత్తి మీదుగా దిగుతూ పొట్ట చూపించి పోయేది. ఇప్పుడు దాన్ని చూసినప్పుడల్లా, ఇది ఏ గీత మీద వచ్చిందో అని ఆలోచించడం అలవాటైంది.

ఒకరోజు పటాన్ని బాగా పెద్దది చేసి చూస్తే మా విశాఖ చుక్క సముద్రంలో ఉంది. ఒడ్డుకి కాస్త దూరంగా, నీళ్ళలో. నాకు మనసొప్పలేదు. ప్రోగ్రాం చేసినాయనకి నాకొచ్చిన ఇంగ్లీషులో మెయిల్ రాశాను. ఆ వారంలోనే జవాబొచ్చింది. ఎక్కడో చలిదేశంలో ఉంటాడట, పగలు వేరే ఉద్యోగమట, ఇది సాయంత్రాలు చేసుకునే పనట. తప్పు చెప్పినందుకు చాలా సంతోషించి, మీ విమానాశ్రయం నుంచి ఏం కనిపిస్తుందని అడిగాడు. కొండలూ, ఫ్యాక్టరీ పొగగొట్టాలూ అని రాశాను. తర్వాత వచ్చిన ప్రోగ్రాంలో మా చుక్క నేల మీద ఉంది. సవరణల కింద, విశాఖపట్నంలోని ఒక మహిళకి కృతజ్ఞతలు అని కూడా ఉంది.

మా ఆయనకి చూపించాను. చాలాసేపు చూసి, "మన సబ్బవరం కూడా పెట్టమను," అన్నాడు.

"సబ్బవరంలో విమానాశ్రయం లేదు కదండీ."

"ముందు సుక్క పెడితే, ఎనకాల అదే వత్తాదేమో."

సబ్బవరం వాళ్ళ ఊరు. మా అత్త అక్కడ పొలం చేసిన మనిషి. చుట్టూ కాలనీలు లేచి కూరగాయల మడికి నీళ్ళు అందకుండా పోయాక, మా దగ్గరికి వచ్చేసింది. పెళ్ళైన కొత్తలో నేను మా ఇంటి అలవాటు ప్రకారం "అత్తయ్యగారూ" అంటే, ఎవరో వచ్చారనుకుని గుమ్మం వైపు చూసేది. "అత్తా అను, సాలు," అని తనే నేర్పింది.

ఓ సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏటి సేత్తన్నావ్ పిల్లా? సుక్కలెట్టి ముగ్గేత్తన్నావా?"

ముగ్గు కాదు, విమానాల దారులు అని చెప్పాను. మళ్ళీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తనకి ఇంగ్లీషు రాదు. కానీ చుక్కా గీతా తెలియనిదెవరికి? కాసేపు చూసి, చిక్కుడుకాయ ఉన్న చేత్తోనే తెర వైపు చూపించి, "మా అప్ప ఊరు సూపించు," అంది.

అప్ప అంటే వాళ్ళ అక్క. ఇద్దరూ సబ్బవరంలోనే పుట్టి పెరిగారు. అక్క పెళ్ళై పోర్టుబ్లెయిర్ వెళ్ళిపోయింది. వాళ్ళాయన అక్కడ కలప మిల్లులో పనిచేసేవాడు. ఇప్పుడు లేడు. కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు. అప్ప అప్పుడప్పుడూ మన పోర్టుకొచ్చే ఓడ మీద వచ్చి వెళ్ళేది. మోకాళ్ళు పట్టేశాక ఓడ నిచ్చెన ఎక్కలేక మానేసింది. మా అత్త ఒకే ఒక్కసారి వెళ్ళింది. దారిలో మూడు రోజులూ నోట్లో మెతుకు నిలవక, ఓడ మీద వాంతులతోనే సరిపోయింది. తిరిగొచ్చాక ఇక ప్రాణం పోయినా సముద్రం మీద కాలు పెట్టనని ఒట్టేసుకుంది. అలా అక్కచెల్లెళ్ళు ఫోన్లో చూసుకోవడమే మిగిలింది. పోర్టుబ్లెయిర్ అంటే ఓడే అని ఆ ఇంట్లో అందరికీ ఎంత గట్టి నమ్మకమంటే, ఇంకో దారి ఉంటుందేమో అని ఎవరూ అడగలేదు.

ఊరి పేరు కొట్టాను. నీలంలో ఒంటరిగా ఉన్న చుక్క. నొక్కితే గీతలు పడ్డాయి. అందులో ఒకటి తిన్నగా మా ఒడ్డుకే వచ్చింది.

"ఇదెక్కడికి?"

"మన వైజాగ్‌కే అత్తా."

మా అత్త చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టేసింది. తిన్నగానా అని అడిగింది. తిన్నగానే అన్నాను. అంతే, ఫోను తీసి, "అప్పా, ఇమానం మీద వత్తన్నాను. మద్దిలో ఎక్కడా దిగక్కర్నేదు," అని చెప్పేసింది. ఆ వెంటనే సబ్బవరంలో మా పెద్ద ఆడపడుచుకి ఫోను. ఆ తర్వాత పక్కింటికి స్వయంగా.

రాత్రి భోజనాల ముందు మా ఆయన వచ్చి టిక్కెట్లకోసం ఫోన్లో వెతికాడు. వెతికి వెతికి వాళ్ళమ్మ వైపు చూశాడు.

"అమా, అలాంటి ఇమానం నేదు. ఇదివరకు ఉండేదట. ఎప్పుడో ఆపేసేరు."

"గీత ఉంది కదరా?"

"గీత ఉంది. ఇమానమే నేదు."

మా అత్త అన్నం వద్దని వెళ్ళి పడుకుంది. తప్పు నాదే. ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా, దీన్ని నమ్మి ప్రయాణాలు పెట్టుకోవద్దని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. ఊళ్ళు చూసే తొందరలో దాన్ని ఎప్పుడూ నొక్కి మూసేసేదాన్ని. మర్నాడు ఆవిడ నా దగ్గరికి వచ్చి కూర్చోలేదు. అప్ప ఫోను మోగితే నా చేతికిచ్చి, స్నానంలో ఉన్నానని చెప్పమంది.

నేను చలిదేశం ఆయనకి మళ్ళీ రాశాను, ఈ గీత ఇప్పుడు లేదని. ఆయన వెంటనే తీసేశాడు. ఆ సంగతి చెబితే మా అత్తకి కోపం వచ్చింది.

"తీసేసేడా? ఉంటే ఆడికేటి నొప్పి?"

"లేని విమానానికి గీతెందుకత్తా."

"ఏదీ సూడనీ," అని వచ్చి కూర్చుంది. నీలంలో ఉన్న ఆ చుక్క మీద వేలు పెట్టింది. అక్కణ్ణుంచి ఎడమవైపు పోయిన గీత వెంట వేలు నడిపించి, ఇదెక్కడికంది. చెన్నై అన్నాను.

"సెన్నై నుంచి మనకి గీత ఉందా?"

"ఉంది."

"అది నిజం గీతేనా?"

మా ఆయన అక్కడే ఉన్నాడు. ఫోన్లో చూసి, రెండూ నిజమేనన్నాడు.

"మరింకేటి? ముగ్గులో ఒక సుక్క తప్పితే పక్క సుక్క నుంచి తిప్పుకోమా?"

హైదరాబాదులో మారొచ్చు, అక్కడ చుట్టాలున్నారని మా ఆయన అన్నాడు. మా అత్త పటం చూసి ఒప్పుకోలేదు. "తూర్పుకెల్లాల్సినోల్లం పడమరకెందుకెల్తాం?" అంది. కలకత్తా మరీ పైకుందని అదీ కాదంది. చెన్నై ఖాయమైంది.

మా ఆయనకి షాపులో పని ఒత్తిడి. "నువ్వెల్లు. దార్లన్నీ నీకే కదా తెలుసు," అన్నాడు నాతో. ప్రపంచంలో ఏ ఊరికైనా దారి చెప్పగలను కానీ, విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలీదని అప్పుడు పైకి చెప్పలేకపోయాను. డాక్టరుగారు సెలవిచ్చారు.

మా అత్త మూట కట్టిన సామాన్లలో ఆవకాయ సీసా, మినప సున్నుండలు, ఎండు చేపల పొట్లం ఉన్నాయి. చేపలకి ఎన్ని కవర్లు చుట్టినా వాసన ఆగడం లేదు.

"సముద్రం మధ్యలో ఉండేవాళ్ళకి చేపలెందుకత్తా?"

"ఆల్ల సేపలు ఏరు, మన సేపలు ఏరు."

విమానం పరుగెత్తేటప్పుడు నేను కళ్ళు మూసుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. తెరిచేసరికి ఆవిడ కిటికీకి నుదురు ఆనించి ఉంది. కింద కొండ, హార్బరు, బయట లంగరేసి నిలబడ్డ ఓడలు.

"సూడు పిల్లా, బియ్యంలో వడ్లగింజల్లాగున్నాయి." కాసేపటికి, తనలో తను అన్నట్టుగా, "మూడు రోజులు ఏడిపించింది నన్ను. ఇప్పుడు సూడు ఎంత బుద్దిగా పడుందో," అంది సముద్రాన్ని.

చెన్నైలో నేను కంగారు పడ్డాను. మేమెక్కాల్సిన గేటు మార్చారని ఆలస్యంగా తెలిసింది. అటూ ఇటూ పరుగెడుతుంటే మా అత్త ఒక కుర్చీలో కూర్చుని సున్నుండ తింటూ, "ఎగిరేది అదే కదా, మనల్నొదిలి ఎక్కడికెల్తాది," అంటోంది. వదిలి వెళ్ళగలదని చెప్పేంత టైము నాకు లేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. అందరికంటే చివర ఎక్కాం.

పోర్టుబ్లెయిర్‌లో దిగి బయటికి వస్తే, ఊతకర్ర పట్టుకుని కొడుకు పక్కన నిలబడి ఉంది అప్ప. అచ్చం మా అత్త ముఖమే, ఇంకాస్త ఎండిపోయి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పైనుంచి కింది దాకా చూసుకున్నారు.

"నల్లబడిపోయేవే," అంది అప్ప.

"నువ్వు సిక్కిపోయేవు. కోడలు కూడెట్టడం నేదా?" అంది మా అత్త, పక్కనే కోడలు ఉన్న సంగతి చూసుకోకుండా. ఆ కోడలే మొదట నవ్వింది. కారులో వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. శ్రీకాకుళం, విజయనగరం, మా వైపు పల్లెల నుంచి ఎప్పుడో వెళ్ళినవాళ్ళు. పాలు పోసే ఆవిడ దగ్గర్నుంచి అందరూ "ఏటి, వైజాగేటి?" అని పలకరించేవాళ్ళే. అక్కచెల్లెళ్ళు పొద్దున్న లేస్తే ఏదో ఒకదాని మీద వాదన. చిన్నప్పుడు బావిలో చెంబు పడేసింది ఎవరన్నది ఒక రోజంతా నడిచింది. ఎండు చేపల కూరలో చింతపండు ఎంతన్నది ఇంకో రోజు. ఆ కూర మాత్రం వీధిలో నాలుగిళ్ళకి వెళ్ళింది. గిన్నెలు తిరిగిచ్చేటప్పుడు ఒకావిడ కళ్ళు తుడుచుకుంది, కారం ఎక్కువైందని చెబుతూ.

నా సెలవు అయిపోయింది. మా అత్త ఇంకొన్నాళ్ళు ఉంటానంది. తర్వాత ఎవరు తెస్తారంటే, "వచ్చిన దారే కదా," అంది. నేను ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

ఆవిడ వచ్చే రోజు మధ్యాహ్నం నేనూ మా ఆయనా కారు మాట్లాడుకుని విమానాశ్రయానికి వెళ్ళాం. చెన్నై విమానం దిగింది. జనమంతా వెళ్ళిపోయారు. మా అత్త రాలేదు. మా ఆయన ముఖం మారిపోతోంది. చెన్నైలో గేటు మళ్ళీ మార్చేశారేమోనని నేను ఫోను తీశాను.

అప్పుడు తలుపుల్లోంచి ఒక చక్రాల కుర్చీ వచ్చింది. తోస్తున్న ఉద్యోగికి ఏదో చెబుతూ పక్కన మా అత్త నడుస్తోంది. కుర్చీలో, ఒళ్ళో ఊతకర్ర పెట్టుకుని, అప్ప.

"ఇమానానికి నిచ్చెన ఎక్కక్కర్నేదురా," అంది మా అత్త, కొడుకు నోరు తెరిచేలోపే. "కుర్సీలో కూకోబెట్టి ఆల్లే ఎక్కించేత్తారు, ఆల్లే దించేత్తారు. మీ పెద్దమ్మకి ఈ సంగతి ఎవులూ సెప్పనేదు. అందుకని నానే తెచ్చేసేను."

మా ఆయన పెద్దమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆవిడ అతని తల నిమిరి, "ఇంటికి తరవాతెల్దాం బాబూ. ముందు సబ్బవరం పోనియ్యి," అంది.

"ముందు తిండి," అంది మా అత్త. "ఇమానంలో పెట్టింది పంటి కిందికి కూడా రానేదు."

దారిలో ఇడ్లీ బండి దగ్గర ఆగే విషయంలో ఇద్దరూ మళ్ళీ వాదించుకున్నారు. చివరికి ఆగాం. అప్ప కారులోంచి దిగకుండానే ప్లేటు అందుకుని, అల్లం చట్నీ రెండోసారి వేయించుకుంది.