నాలుగో మగ్గం చప్పుడు

మా నాయన మళ్లీ మాట్లాడుతున్నాడు. ఎలా అని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కోలా చెబుతున్నాను. నా జ్ఞాపకం కథగా మారకముందే, జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పదో తరగతితో బడి మానేసినా, నగరి లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి.

నాయన నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపాడు. మా షెడ్డులో నాలుగు ఉండేవి. నాలుగోది పాతది. మూడు దెబ్బలు వేసి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకునేది. దాన్ని ‘కుంటిది’ అనేవాళ్లం. నాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, దాన్ని పాత ఇనుము కొనే దొరస్వామికి అమ్మేశాం.

ఆ తర్వాత నెలకు తమ్ముడు మురళి తన ఆల్బమ్ కోసం షెడ్డులో మగ్గాల చప్పుడు రికార్డు చేశాడు. రాక్ సంగీతమే, కానీ పాట దాదాపు లేదు. కాలు ఆడించే ఫంక్ బేస్ గిటారు, దాని వెనక మగ్గాలు, వాన, పాకాల జంక్షన్‌లో రైలు ఆగే శబ్దం.

“పాడేవాడు యాడరా? గొంతు పట్టుకునిందా?” అన్నాను.

“మగ్గాలే పాడతాయి, ఇనన్నా,” అన్నాడు.

తిరుపతి ఆసుపత్రిలో మాటలు నేర్పే కల్పన మేడమ్, నాయనకు అలవాటైన శబ్దాలు వినిపించమన్నారు. ఒక ఆదివారం ఉదయం మంచం పక్కన ఆల్బమ్ పెట్టాం. మూడో ట్రాక్‌లో గిటారు తగ్గి, మగ్గాలు మాత్రమే మిగిలిన చోట నాయన తల తిప్పాడు. ఐదు నెలల్లో అదే మొదటి మాట.

“కుంటిది... పోగు తెగింది. ఆపండ్రా.”

అమ్మ గ్లాసు కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది.

వెనక్కి తిప్పి విన్నాం. మూడు మగ్గాల చప్పుడు కింద నాలుగోది ఉంది. మూడు దెబ్బలు, ఒక విరామం. ఉన్నట్టుండి నిలిచిపోయింది.

ప్రతిధ్వని అనుకున్నాను. కానీ ప్రతిధ్వని ఉన్న నడకనే తిరిగి ఇస్తుంది, కొత్త నడక పుట్టించదని లైబ్రరీ నుంచి తెచ్చిన ధ్వని పుస్తకంలో చదివాను. పాత రికార్డింగు కలిసిందా అంటే, మురళి మైకు కొన్నదే షెడ్డులో రికార్డు చేసిన వారం. దొరస్వామిని అడిగాను.

“నా చేతుల్తోనే ఇప్పి ముక్కలు చేసినాను గదప్పా. ఇంగ యాడుండాది అది?” అన్నాడు.

నిన్న నాయన చారులో ఉప్పేదని అమ్మను కసిరాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి సంతోషంతో ఏడ్చింది.

నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కల్పన మేడమ్‌కు, మురళికి, ఉన్నదున్నట్టు చెప్పిన దొరస్వామికి, ధ్వని పుస్తకం గడువు దాటినా అడగని లైబ్రేరియన్ సుశీలమ్మకు నా కృతజ్ఞతలు. ఆ రోజు ఎవరు నడిపారో తెలియని మా కుంటిదానికి కూడా.