ఇరవై ఆరో నంబరు

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. చెబుతూ కూడా భయపడుతున్నాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చేస్తున్న పని ఆపి చెవులు రిక్కిస్తాను.

సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో పని చేస్తాను. చదివింది ఇంటర్. ఏ తొట్టిలో ఎంత ఉప్పదనం ఉండాలో, ఎంత మేత పడాలో ఆ లెక్కలన్నీ నా అంతట నేనే నేర్చుకున్నాను. కంప్యూటర్ల పనీ అలాగే, వీడియోలు చూసి. సర్టిఫికెట్ లేనివాడి మొదటి తప్పే ఆఖరి తప్పవుతుందని ఎప్పుడూ ఒక బెదురు.

ఆఫీసు గోడకు నెట్‌వర్క్ స్విచ్ నేనే బిగించాను. కెమెరాలు, ప్రింటర్, తొట్లకు గాలి ఆగితే సైరన్ మోగించే అలారం పెట్టె అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆన్ కాగానే ప్రతిదీ స్విచ్‌ని ఒక నంబరు అడుగుతుంది. అదే ఐపీ అడ్రస్. అది దొరకని పరికరం ఉన్నా లేనట్టే. ఏయే నంబర్లు పంచాలో స్విచ్‌కి మనమే చెప్పాలి. నేను పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు వరకు చెప్పాను. ఎందుకు? రెండింటి అంకెలూ కలిపితే తొమ్మిది. నా బండి నంబరూ తొమ్మిదే. మధ్యలో ఇరవై ఆరు అడ్డొచ్చింది. రెండూ ఆరూ ఎనిమిది, శని అంకె. తీసేశాను. మిగిలిన నంబర్లు తొమ్మిది, పరికరాలూ తొమ్మిది. ఎంత ముచ్చటపడ్డానో.

తర్వాత నా ఫోన్ కూడా వైఫైతో దానికే కలుపుకున్నాను. అది పదోది. ప్రింటర్‌ని ఎక్కువగా ఆపే ఉంచుతాం కాబట్టి ఇబ్బంది తెలియలేదు. నాకు తెలియకపోవడమేమిటి? తొమ్మిదికి ఒకటి కలిపితే ఎంతో నాకు తెలియదా?

ఒక వేసవి మధ్యాహ్నం, భోజనాల వేళ, కరెంటు పోయి వచ్చింది. స్విచ్ ఆగి లేస్తే పాత పంపకం మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి పంచుతుంది. ఆ రోజు ప్రింటర్ కూడా ఆన్‌లోనే ఉంది, నా ఫోనూ ఆఫీసులోనే ఛార్జింగులో ఉంది. అన్నిటికన్నా ఆలస్యంగా లేచేది అలారం పెట్టె. అది అడిగేసరికి పంచడానికి నంబరు మిగల్లేదు. సరిగ్గా అప్పుడే రెండో షెడ్డులో తొట్లకు గాలి కొట్టే బ్లోయర్ తిరిగి లేవలేదు.

షెడ్లు చూసుకునే ఏడుకొండలు అప్పుడు సముద్రపు నీటి పంపు దగ్గర ఉన్నాడు. చేపల వేటకెళ్లే కుటుంబం, యాభై దాటిన మనిషి. కరెంటు రాగానే అక్కడే ఉండాలన్నది మా పద్ధతి. బ్లోయర్ ఆగితే ఆయన నెత్తి మీది సైరన్ మోగాలి. మోగలేదు.

గంట తర్వాత నేను భోజనం చేసి వచ్చి కంప్యూటర్ చూశాను. అలారం పెట్టె అడ్రస్ నూట అరవై తొమ్మిదితో మొదలవుతోంది. ఎవరూ నంబరు ఇవ్వనప్పుడు పరికరం తనకు తానే పెట్టుకునే నంబరది. ఇరవై ఆరుని జాబితాలో చేర్చాను. అలారం పెట్టె దాన్ని అందుకుంది. అందుకున్న మరుక్షణం సైరన్ మోగింది. మోగిన మరుక్షణం ఏడుకొండలు షెడ్డులోకి పరుగెత్తాడు. అప్పటికే రొయ్యపిల్లలన్నీ చచ్చి తొట్ల అడుగున తెల్లగా పేరుకున్నాయి.

ఓనరు గారు వచ్చారు. "సైరన్ పనిచేస్తోందా అండి?" అని నన్నడిగారు.

"చేస్తోందండి," అన్నాను.

అబద్ధమా? కాదు. ఆ నిమిషానికి చేస్తోంది.

"ఇప్పుడే మోగిందండి బాబూ. మోగిన వెంటనే వచ్చేశానండి," అన్నాడు ఏడుకొండలు.

"గంట కిందట బ్లోయర్ ఆగితే ఇప్పుడు మోగుద్దేంటయ్యా? ముందు చెవులు చూపించుకో," అన్నారు ఓనరు గారు.

ఏడుకొండలు నా వైపు తిరిగాడు. "లెక్కల బాబుగారూ, మీరు చెప్పండి. ఇందాక మోగిందా అండి?"

"నేను భోజనానికెళ్లానండి," అన్నాను. ఇదీ నిజమే. రెండు నిజాలతో ఒక మనిషిని పనిలోంచి తీయించాను.

చెవిటి కొండలు అన్న పేరు ఒడ్డు పొడుగునా పాకింది. ఏ హేచరీలోనూ మళ్లీ పెట్టుకోలేదు. పోయిన నెల నరసాపురం సంతలో ఎండుచేపలు అమ్ముతూ కనిపించాడు. చెవిలో మిషను ఉంది. తప్పుకుపోదామనుకునేలోపు పిలిచాడు. డాక్టరు గారు చెవులు బాగానే ఉన్నాయన్నారట. అయినా పట్టుబట్టి మిషను పెట్టించుకున్నాడట.

"ఆ రోజు మోగే ఉంటదండి," అన్నాడు. "నాకే వినపళ్లేదు."

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఆయనకు నిజం తెలుస్తుందన్నది పాత భయం. తెలియకుండానే పోతాడేమోనన్నది కొత్తది. ఏది పెద్దది? ఎన్నిసార్లు లెక్క కట్టినా తేలడం లేదు. సంతకు బస్సులో గంట దారి. ఆయనకు చెప్పడానికి ఇంకా ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాట కూడా ఇవ్వలేను.

ఇంతమాత్రం రాయగలిగాను. ఆ రోజు సైరన్ మోగలేదు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి.