పడని వాన

ఆ ఏడాది కరువు మండలాల జాబితా తీసే కంప్యూటర్ నా చేతిలో ఉండేది. అనంతపురంలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం నాది. పేరుకు ప్రోగ్రామర్‌ని. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచేవారు.

నియమం చిన్నదే. మండలంలో పడిన వాన ఫలానా హద్దుకు సమానంగానో తక్కువగానో ఉంటే ఆ మండలం జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కితే గడ్డి లారీలు వస్తాయి, లేకపోతే లేదు. ముదిగుబ్బ పక్కన మా ఊళ్లో నాయన ఆ గడ్డి కోసమే కాచుకుని ఉన్నాడు. వేరుశనగ నిలువునా ఎండిపోయింది. పశువులకు వేసే వేరుశనగ కట్టె కూడా చేతికి రాలేదు, పాత గడ్డివామి ఎప్పుడో ఖాళీ. ఎద్దులు రెండూ డొక్కలు అంటుకుపోయి నిలబడలేక నిలబడ్డాయి.

"జాబితాలో మనది లేకుంటే అమ్మేస్తా. నా కండ్ల ముందర ఆకలికి సావనియ్యను" అని నాయన ముందే ఫోన్లో చెప్పాడు. ఆ కరువులో ఎద్దుల్ని కొనేది కటికవాళ్లేనని ఇద్దరికీ తెలుసు.

పొద్దున జాబితా ప్రింటు తీస్తే మా మండలం లేదు. తెర మీద చూస్తే మా వాన అంకె, హద్దు అంకె రెండూ ఒకటే, దశాంశంతో సహా. అయినా కంప్యూటర్ మాది ఎక్కువ అంటోంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

పట్టిక విప్పి చూశాను. నాకంటే ముందు ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు వాన అంకెలకు 'ఫ్లోట్' అనే రకం పెట్టి పోయారు. ఎవరు పెట్టారయ్యా అంటే తిలాపాపం తలా పిడికెడు. ఒకటిని మూడుతో భాగిస్తే మనకు చివర దొరకదు కదా, ఫ్లోట్‌లో పదో వంతుకు అలాగే చివర దొరకదు. దగ్గర్లో ఉన్న అంకెను పెట్టుకుని ఊరుకుంటుంది. ఒక్క వానకైతే తెలియదు. సీజనంతా పడిన జల్లులన్నీ కూడితే ఆ తేడాలూ కలిసి మొత్తం హద్దు మీదికి ఒక వెంట్రుకంత జరిగింది. తెర మీద మాత్రం కుదించి చూపిస్తుంది కాబట్టి ఆ వెంట్రుక కనబడదు. 'డెసిమల్' అనే రకం పెట్టి ఉంటే పదో వంతు పదో వంతుగానే ఉండేది.

జాబితా మీద సంతకం పెట్టే మా సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన అద్దాల పైనుంచి చూశాడు.

"ఏమప్పా, ఇన్ని మండలాలుండగా మీ మండలం కాడే తప్పు దొరికిందా నీకు?"

ఏ తప్పూ చేయకుండానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. కోపమొచ్చింది, భయమూ వేసింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుని ఆయన్ని కంప్యూటర్ ముందుకు తీసుకొచ్చాను. సున్నా పాయింట్ ఒకటి, సున్నా పాయింట్ రెండు కూడి, సున్నా పాయింట్ మూడు కంటే ఎక్కువా అని అడిగాను. ఎక్కువే అంది. సార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆయనే క్యాలిక్యులేటర్ తీసి మా మండలం జల్లులన్నీ కూడాడు. ఒకసారి కూడి నమ్మక మళ్లీ కూడాడు. సరిగ్గా హద్దే వచ్చింది.

"మార్చు. నీ ఒక్క మండలానికి కాదు, అన్నిటికీ మార్చి తియ్యి. నేను సంతకం పెడతా" అన్నాడు.

డెసిమల్‌కు మార్చి మళ్లీ తీస్తే మా మండలం వచ్చింది. కొత్త జాబితా ఫ్యాక్స్‌లో పోయేదాకా అక్కడే నిలబడ్డాను. నాయనకు చెప్పమందామని ఊళ్లో అంగడికి ఫోన్ చేస్తే లైను కలవలేదు. అప్పుడు తెలిసింది, పొద్దుటి జాబితా అప్పటికే ఎవరో చదివి మండలాలకు ఫోన్లు కొట్టేశారని. మన దగ్గర ఫైలు కదలడానికి నెల పడుతుంది, చెడ్డ కబురు మాత్రం టీ చల్లారేలోపు ఊరు చేరుతుంది. కదిరి బస్సెక్కాను. బత్తలపల్లెలో డ్రైవర్ దిగి టీ తాగుతుంటే ఆయన్ని గొంతు పట్టి లాక్కురావాలనిపించింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎద్దుల కొట్టం ఖాళీగా ఉంది. మా వైపు పశువును అమ్మినా దాని తలుగు మాత్రం ఇవ్వరు, ఇస్తే ఇంటి పాడి పోతుందంటారు. నాయన అరుగు మీద కూర్చుని ఆ తాళ్లను చుట్టుకుంటున్నాడు.

"మనది జాబితాలో ఉండాది నాయనా. పొద్దున చెప్పింది తప్పు" అన్నాను.

"తప్పంటే?"

"కంప్యూటర్ మన వానను రవ్వంత ఎక్కువ లెక్కేసింది."

"ఎంత ఎక్కువ?"

ఎంతని చెప్పను? "ఒక చినుకును కోటి ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క గుడక కాదు నాయనా."

"ఆ ముక్కన్నా యాడన్నా పడిందా?"

"యాడా పడలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. చుట్టిన తాడును పక్కన పెట్టి, రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే పడని వానకు ఎద్దుల్ని అమ్ముకుంటి గదరా" అన్నాడు.