ఒక్క తుమ్ము వేషం

నాకు డెబ్బై మూడేళ్ళ నాలుగు నెలలు. ఈ వయసులో సినిమాలో వేషం వచ్చింది. వచ్చిన వేళ డైరీలో రాసుకున్నాను: మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి ఫోను, మాట్లాడింది ఏడు నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు నేనే మాట్లాడాను.

ఫోను చేసినవాడు నా పాత శిష్యుడు. తెనాలిలో నేను లెక్కలు చెప్పే రోజుల్లో తొమ్మిదో తరగతి, మూడో బెంచీ. ఇప్పుడు రేపల్లెలో మందుల షాపు నడుపుతూ, ఆదివారాలు పొట్టి సినిమాలు తీసి యూట్యూబులో పెడుతుంటాడు. ఈసారి కథ, సినిమా హీరో అయిపోదామని తిరిగే ఒక అమాయకుడిదట.

"బామ్మ వేషం మీరే వెయ్యాలి టీచర్ గారూ."

"ఎన్ని సీన్లు?"

"ఒక్కటేనండి. కానీ కథంతా దానిమీదే నడుస్తుంది."

నా చెవిలో రెండో ముక్కే పడింది.

ఫోను పెట్టేసిన పావుగంటలో బాపట్లలో ఉన్న మా తోడికోడలికి చెప్పేశాను. ఆవిడ ఇరవై రెండేళ్ళ కిందట ఏదో నాటకంలో రాణి వేషం వేసింది. కిరీటంతో ఉన్న ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి, హాల్లో టీవీకి సరిగ్గా పైన తగిలించుకుంది. వాళ్ళింటికి వెళ్ళిన ప్రతిసారీ ఆ కిరీటాన్ని చూస్తూ కాఫీ తాగాలి. ఆ ఫొటో కింద, ఆ టీవీలో నా ముఖం ఒక్కసారి కనపడాలి. నేను వేషానికి ఒప్పుకోవడానికి ఇంతకన్నా గొప్ప కారణం లేదు.

ఆదివారం ప్యాసింజరు బండిలో రేపల్లె వెళ్ళాను. రెండు చీరలు పట్టుకెళ్ళాను. స్టేషను దగ్గర ఒక పాత పెంకుటింట్లో షూటింగు. నా వేషం ఏమిటో అక్కడికి వెళ్ళాకే తెలిసింది. హీరో సినిమా ఛాన్సు కోసం రైలుకి బయల్దేరుతుంటాడు. గుమ్మం దాటుతుండగా బామ్మ తుమ్ముతుంది. వాడు లెక్కచెయ్యకుండా వెళ్ళిపోతాడు. అక్కణ్నుంచి వాడికన్నీ ఎదురుదెబ్బలే.

"అంతేనా?" అన్నాను.

"అంతేనండి. కాకపోతే ఒంటి తుమ్మే తుమ్మాలి."

జంట తుమ్ము శుభమని మనవైపు అందరికీ తెలిసిందే.

"నాకిలాంటి పట్టింపులు లేవని నీకు తెలుసుగా."

"తెలియకేమండి. పరీక్షకి బయల్దేరుతుంటే మా నాయనమ్మ తుమ్మింది. కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించి పంపేసరికి ఆలస్యమైంది. మీరేమో, తుమ్ముకీ త్రిభుజానికీ సంబంధం ఏంటో నిరూపించి లోపలికి రమ్మన్నారు. పావుగంట బయట నిలబెట్టారు."

"పద్నాలుగు నిమిషాలు," అన్నాను.

హీరో వేషం కట్టినతను దుగ్గిరాలలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. వినయస్తుడు. సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మొదటి నాలుగుసార్లు నాకు తుమ్ము రాలేదు. వచ్చినట్టు నటిస్తే, "అది దగ్గండీ," అన్నాడు శిష్యుడు. షాపు నుంచి నశ్యం తెప్పించాడు. చిటికెడు పీలిస్తే ఐదోసారి రెండు తుమ్ములొచ్చాయి. అతను చాలన్నాడు గాని నేనే ఒప్పుకోలేదు. శుభశకునం చూపించి అపశకునం అంటే చూసేవాళ్ళు నవ్వరూ? ఆరోసారి మూడొచ్చాయి.

"మూడంటే ఏంటి మామ్మగారూ?" అని హీరో అడిగాడు.

"జలుబు," అన్నాను.

ఏడోసారి వచ్చింది, ఒకే ఒక్కటి, గంట కొట్టినట్టు. అందరూ భలే అన్నారు. తీసింది ఫోనులో చూపించారు. ముఖం లేదు. తుమ్మేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవాలని ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి చెప్పిన చెయ్యి, చెప్పకుండానే కొంగు తీసి నుదురు దాకా కప్పేసింది. తెరమీద తుమ్ముతున్నది ఒక చీర.

ఎనిమిదోసారి కొంగు నడుముకి బిగించి దోపుకున్నాను. ముక్కు మండిపోతోంది. ఒంటి తుమ్మే వచ్చింది. ముఖం నిండుగా ఉంది. హీరో గుమ్మం మీద కాలు పెట్టాడు. అప్పుడు నా నోట్లోంచి, ఎవరూ రాయని మాట ఒకటి బయటికొచ్చింది.

"ఆగు నాయనా. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళు."

అతనూ ఇక్కడ పుట్టి పెరిగినవాడే. వెనక్కొచ్చి కూర్చున్నాడు. కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఇస్తే బుద్ధిగా పూర్తిగా తాగాడు. కెమెరా ఆపాల్సిన శిష్యుడు ఆపకుండా, నోరు మూసుకుని నవ్వుతున్నాడు.

"టీచర్ గారూ, ఇన్నాళ్ళకి నా పద్నాలుగు నిమిషాలు నాకొచ్చేశాయండి."

ఆ తర్వాత ఎంత నశ్యం పీల్చినా తుమ్ము రాలేదు, కన్నీళ్ళే వచ్చాయి. "పర్లేదండి, ఏడోది వాడేస్తాను. ముఖం లేకపోతేనేం, తుమ్ము బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు. నాకు బాపట్ల హాలు కళ్ళముందు మెదిలింది. పైన కిరీటం, కింద టీవీలో చీరకొంగు.

"ఎనిమిదోది వాడు."

"అందులో హీరో కూర్చుండిపోయాడు కదండి. కథ పోతుంది."

"పోదు. కూర్చుని నీళ్ళు తాగి లేవడానికి రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది. నేను గడియారం చూశాను. ఆలోగా రైలు వెళ్ళిపోతుంది. రైలు తప్పింది గనక ఛాన్సు తప్పింది. కీడు తుమ్ములో లేదు, ఆలస్యంలో ఉంది. నీకు ఆనాడు చెప్పిందీ అదే."

చాకుపీసు పట్టుకున్న గొంతుతోనే చెప్పాను. మూడో బెంచీవాడు తలూపాడు. నా ముఖం తెరకెక్కించుకోవడానికి తర్కశాస్త్రాన్ని వాడుకున్నానని అతనికి తెలిసే ఉంటుంది. షాపులో రోజుకెంతమంది ముసలాళ్ళని చూస్తాడో.

సినిమా మూడు వారాలకి వచ్చింది. మొత్తం పదకొండు నిమిషాలు. నా ముఖం తొమ్మిది సెకన్లు. బాపట్ల వెళ్ళి, ఆ టీవీలోనే పెట్టించాను. మా తోడికోడలు కాఫీ గ్లాసు పట్టుకుని కదలకుండా చూసింది. అయిపోయాక అంది:

"అయితే వాడి బతుకు చెడగొట్టింది నువ్వేనన్నమాట అక్కా."

"రైలు వెళ్ళిపోయింది," అన్నాను.

"రైలు టైముకే వెళ్ళిందిగా."

లెక్క సరిపోయింది. నేను చెప్పిన లెక్కే.

సంచీ తీసుకుని లేచాను. తెనాలి బండికి ఇంకా ముప్ఫై రెండు నిమిషాలుంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాలు పెడుతుంటే, వెనకనుంచి ఆవిడ తుమ్మింది. ఒకటే. నిజం తుమ్మో కాదో చెప్పలేను, రాణి వేషం వేసిన మనిషి. రెండోది వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు.

చెప్పులు విడిచి, లోపలికొచ్చి, ఆ ఫొటో కిందే కూర్చుని మంచినీళ్ళు ఇమ్మన్నాను.