చార్టులో లేని ఒక్కపొద్దు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో డైటీషియన్ దగ్గర నా నంబరు వచ్చేసరికి గంటన్నర పట్టింది. మోకాళ్లు, నడుము, షుగరు, మూడూ కూడబలుక్కుని నన్ను అక్కడికి లాక్కెళ్లాయి. మా అమ్మాయి వయసున్న పిల్ల ఒక కాగితం నా ముందు పెట్టి, ఓట్సు నచ్చకపోతే మానేసి జొన్నరొట్టె తినమంది. గోలీలు మింగే నాకు కాదుగానీ, ఏ జబ్బూ లేనివాళ్లను అప్పుడప్పుడు ఒంటిపూట ఉండమని ఇప్పుడు పై దేశాల్లో చెబుతున్నారట. ఆ మాట ఎంతో కొత్త సంగతిలా చెప్పింది. నాకు నవ్వు రావాలి. రాలేదు, ఒట్టి అలసట వచ్చింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఇలాంటి కాగితమే ఒకటి మా ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉండేది. అది మా అత్తమ్మది.

అప్పుడు మేం ఎల్బీనగర్‌లో రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన హయత్‌నగర్ డిపోలో డ్రైవరు. ఏ రోజు బస్సు బయటికి తీస్తారో, ఏ రోజు తీయరో పొద్దున దాకా తెలియని కాలం. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. నల్లగొండ పల్లె వదిలి మా దగ్గరకొచ్చిన ఏడాదికే అత్తమ్మకు షుగరు బయటపడింది. డాక్టరు ఓపికగా చార్టు రాసిచ్చాడు: పొద్దున ఇంత ఓట్సు, ఇన్ని పాలు, తిన్నాక ఒక గోలీ. లెక్కల మనిషిని కాబట్టి ఆ చార్టు నాకు తెగ నచ్చింది. చెంచాలతో కొలిచి మరీ వండేదాన్ని. గోడకేసే సున్నం కూడా ఇంతకంటే చిక్కగా ఉంటదని అత్తమ్మ ఒకసారి గిన్నెలోకి చూస్తూ అంది. ఆమెకు తిండి అంటే జొన్నరొట్టె, పచ్చిపులుసు, రోట్లో నూరిన తొక్కు, ఎండాకాలమైతే అంబలి. ఏది వేడి చేస్తుంది, ఏది చలవ చేస్తుంది, బాలింతకు ఏం పెట్టాలి, ముసురు పట్టిన రోజు ఏం ముట్టకూడదు, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. డాక్టరు ఎంత తినాలో చెప్పేవాడు. అత్తమ్మకేమో ఎప్పుడు తినాలి, ఎప్పుడు తినకూడదు అన్నదే ముఖ్యం. ఇద్దరిలో ఎవరిది సరైన దారో తేల్చే తీరిక నాకు లేదు. గిన్నె ముందు పెట్టి, గోలీ చేతిలో పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగేదాన్ని.

మిగతా రోజుల్లో సగం గిన్నె వదిలేసే మనిషి శనివారాలు మాత్రం ఊడ్చినట్టు ఖాళీ చేసేది. పోనీలే, అలవాటు పడిందని మురిసిపోయాను. శనివారాలు మా పిట్టగోడ మీద అన్ని పావురాలు ఎందుకు వాలుతున్నాయో మాత్రం ఆలోచించలేదు.

అలాంటి ఒక శనివారం బంద్ వచ్చింది. మా ఇంటికి దగ్గర్లోనే వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపేసి, నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని అందరూ కలిసి తినడం, అదీ నిరసన. మోకాళ్ల వల్ల ఏ ధర్నాకూ పోలేని అత్తమ్మ దీనికి వస్తానని పట్టుబట్టింది. పక్కింటి అక్క కూడా తోడొచ్చింది. ఆవిడది కృష్ణా జిల్లా. మీ ఉద్యమం సంగతి నాకు తెలియదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక వస్తున్నానని ముందే చెప్పేసింది. రొట్టెలు చేసే చేతులు తక్కువపడ్డాయని తెలిసి అత్తమ్మ కొంగు బొడ్లో దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది. పట్నం వచ్చాక ఆమెను అంత హుషారుగా నేను చూడలేదు. పిండి చరిచి, రొట్టె కాల్చి, ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతుల్లో పెడుతూ తినమని పోరుతోంది. ఎండ నెత్తికెక్కింది. ఉన్నట్టుండి పిండి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. పొయ్యి మీదికి ఒరగకుండా పట్టుకున్నాను. ఒళ్లంతా చల్లటి చెమట, జాకెట్టు తడిసి ముద్దయింది.

పక్కింటి అక్క వాళ్లమ్మకు ఇలాగే అయ్యేదట. చూడగానే పోల్చుకుంది. "షుగరు పడిపోయింది. పిన్నిగారు పొద్దున్నేం తిన్నారు?"

"గోలీ ఇచ్చిన," అన్నాను.

"గోలీ కాదు, ఏం తిన్నారని అడుగుతున్నాను."

నాకు తెలియదు. గిన్నె ఖాళీ అయిందని చూశాను గానీ, ఆమె తినడం చూడలేదు. అక్క, అక్కడ టీ కోసం పెట్టిన చక్కెరను నీళ్లలో కలిపి, మింగగలుగుతోందని చూసుకుని కొంచెం కొంచెంగా తాగించింది. కాసేపటికి అత్తమ్మ కళ్లు తెరిచింది. నాలుక మీద తీపి తెలియగానే ఏడుపు మొదలుపెట్టింది.

"నా ఒక్కపొద్దు చెడగొట్టిండ్రు గద బిడ్డా."

తెలంగాణ వచ్చేదాకా శనివారాలు పొద్దుగూకే దాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టనని మొక్కుకుందట. "అందరు రోడ్ల మీదికి పోతుండ్రు. నాకు కాళ్లు లెవ్వు. నాతోని అయ్యేది గిదొక్కటే," అంది. మరి గోలీ ఎందుకు మింగావని అడిగాను. "గోలీ తిండి గాదు గద. నువ్వు ఇచ్చినవని మింగిన."

ఆ మాట నన్ను ఈ రోజుకీ వదల్లేదు. చార్టులో ఒక్కపొద్దుకు గడి లేదు, అత్తమ్మ మొక్కులో గోలీకి చోటు లేదు. రెండింటి మధ్యా ఉండి అడగాల్సినదాన్ని నేను, అడగలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన కసిరాడు గానీ, జొన్నరొట్టె తినొచ్చన్నాడు. ఈవిడ ఏం తింటుందో మీరు నాకెప్పుడు చెప్పారమ్మా అన్నాడు. మొక్కు మధ్యలో వదలకూడదని అత్తమ్మ కుమిలిపోతుంటే, మిగిలిన శనివారాలు ఆమె బదులు నేనుంటానని మాటిచ్చాను. మొక్కుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా ఖాళీ కడుపుతో, తలనొప్పితో ఎన్నో శనివారాలు పిల్లలకు భిన్నాలు చెప్పాను. అత్తమ్మ రొట్టె తిని గోలీ వేసుకుంటూ నావైపు జాలిగా చూసేది. రాష్ట్రం వచ్చాక మొదటి శనివారం పొద్దున్నే రొట్టె చేసి తానే తుంచి నా నోట్లో పెట్టింది.

"ఇగ తిను బిడ్డా. నీకు శాన ఆకలి పెట్టిన."

ఆ తర్వాత రోజూ పొద్దున నేను తిన్నానో లేదో అడిగిన అత్తమ్మ పోయి కూడా ఏళ్లయింది. డైటీషియన్ ఇచ్చిన కాగితాన్ని మా అమ్మాయి ఫోన్లో ఫోటో తీసుకుంది, రోజూ పొద్దున గోలీ వేసుకున్నావా అని మెసేజ్ పెడుతుంది. మంచి పిల్ల. వేసుకున్నానని జవాబిస్తాను. జొన్నరొట్టె తిరిగొచ్చింది, ఒంటిపూట కూడా తిరిగొచ్చింది. పట్టుకుపోయినవన్నీ కాలం ఒక్కొక్కటే తెచ్చి ఇస్తోంది గానీ, గోలీ కంటే ముందు "తిన్నవా బిడ్డా" అని అడిగే మనిషిని మాత్రం తేలేదు.